సుంకి ఘాట్‌లో బండి ఎదురు లేన్‌లోకి పోతుంటే

తమ్ముడూ, కొరాపుట్ నుంచి సాలూరు దిగేటప్పుడు సుంకి ఘాట్‌లో ఎడమ మలుపుల్లో బండి ఎదురు లేన్‌లోకి పోతోందన్నావు. అక్కడ లారీలెక్కువ, ముందు దీన్నే సరిచేసుకో.

బ్రేకు వేయడం, గేరు తగ్గించడం మలుపుకి ముందే అయిపోవాలి. క్లచ్ నొక్కి దొర్లించొద్దు, ఇంజన్ పట్టు పోతుంది. లారీనే చూస్తుంటే బండి అటే లాగుతుంది. మలుపు బయటపడే చోటు చూడు. వంచడానికి ఎడమ అరచేత్తో హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి నెట్టు, బండి ఎడమకే వాలుతుంది. వింతగా ఉంటుంది గానీ కౌంటర్ స్టీరింగ్ అంటే ఇదే. భుజాలు బిగించావంటే మాత్రం ఇది కుదరదు, మోచేతులు వదులుగా ఉంచు.

ముందు ఖాళీ మైదానంలో 30 కి.మీ. వేగంతో అలవాటు చేసుకో. వాన తడి ఆరేదాకా ఘాట్‌లో ప్రయత్నించకు.