అప్రైజల్ తక్కువొచ్చింది, ఏం జేయాలె మామా?

దసరాకు హనుమకొండ వచ్చాను. నక్కలగుట్టలో అక్కావాళ్ళింట్లో పొద్దున ఎనిమిదింటికి చాయ్ తాగుతుంటే డాలస్ నుంచి మేనల్లుడి ఫోన్. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. "మామా, అప్రైజల్ ఇరవై అయిదు వేలు తక్కువొచ్చింది. ఏం జేయాలె? ఇల్లు పోయినట్టేనా?" వాడు కొంటున్న ఇంటికి లోన్ ఇచ్చే ముందు బ్యాంకు కట్టించిన విలువే ఈ అప్రైజల్, ఒప్పుకున్న ధర కన్నా తక్కువొచ్చింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. పక్కనే పేపర్ చదువుతున్న బావకు సగమే వినబడింది. "తక్కువొస్తే మంచిదే కదరా, తక్కువకే వస్తది" అన్నాడు.

నేను నవ్వాను. తర్వాత లెక్క చూస్తే, బావ అన్నదాంట్లో సగం నిజముంది. అదెట్లాగో చెప్తాను. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి వచ్చి అమెరికాలో మొదటి ఇల్లు కొంటున్న పిల్లలు నన్ను ఏడాదికి పదిమందైనా అడిగే ప్రశ్న ఇదే.

ముందు ఒక సంగతి తెలియాలి. ఆ విలువ కట్టే అప్రైజర్ మన మనిషి కాదు. ఫీజు మనమే కడతాం. ఊరిని బట్టి, ఇంటిని బట్టి నాలుగైదు వందల డాలర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కానీ ఆయనకు పని అప్పజెప్పేది బ్యాంకు, రిపోర్టు రాసేదీ బ్యాంకు కోసమే. నువ్వు కట్టడం మానేస్తే ఈ ఇల్లు అమ్ముకుని మా అప్పు రాబట్టుకోగలమా అన్నది వాళ్ళ ప్రశ్న. నువ్వు మంచి బేరం చేశావా లేదా అన్నది ఆ రిపోర్టులో ఎక్కడా ఉండదు. 2008 పతనం తర్వాత నిబంధనలు బిగించారు. లోన్ ఆఫీసరు గానీ ఏజెంటు గానీ ఫోన్ చేసి "ఇంత వచ్చేలా చూడండి" అనడానికి వీల్లేదు. మన దగ్గర బ్యాంకు వాల్యుయర్ వస్తే ఎదురెళ్ళి కుర్చీ వేసి "సార్, జర చూసి రాయండి" అంటాం కదా, అక్కడ ఆ మాట నోట్లోనే ఆపుకోవాలి. రిపోర్టు కాపీ అడిగే హక్కు మాత్రం మనకుంది. అడగకపోయినా క్లోజింగ్‌కి, అంటే సంతకాలై ఇల్లు చేతులు మారే రోజుకి, కనీసం మూడు పనిదినాల ముందు ఇవ్వాలి. వచ్చిన కాపీని చివరి పేజీ దాకా చదివేవాళ్ళను నేను చాలా తక్కువమందిని చూశాను.

అంకె ఎట్లా వస్తుందో మనవాళ్ళకు చెప్పడానికి ఎనుమాముల మార్కెట్ చాలు. పొద్దున జెండా పాట అవుతుంది. మంచి లాటు ఒకటి చూసి వ్యాపారులు పాడతారు, ఆ రోజుకు అదే జెండా ధర. మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. ఆ ధర విని మా నాయిన పత్తి బస్తాలు వేసుకుని పోతే, తేమ ఉందని కొంత, రంగు తగ్గిందని కొంత కోసి, చేతికొచ్చేది ఇంకోటి. ఇంటి సంగతీ అంతే. మీ వీధిలో ఎవరో ఆరు లక్షలకు అమ్మారని వాట్సాప్ గ్రూపులో తిరిగేది జెండా పాట. అప్రైజర్ చూసేది చుట్టుపక్కల ఈమధ్య నిజంగా చేతులు మారిన ఇళ్ళు, కనీసం మూడు. వీటినే కంప్స్ అంటారు. వాటి ధరలు పక్కపక్కన పెట్టి, నీ ఇంటికి గరాజ్ ఒకటి తక్కువైతే కొంత కోస్తాడు, విస్తీర్ణం ఎక్కువైతే కొంత కలుపుతాడు. ఇంకా అమ్మకానికే ఉన్న ఇంటి మీద రాసిన ధర ఓనరు కోరిక, అంతే.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. క్లోజ్ అయిన అమ్మకాలంటే ఎప్పుడో రెండు మూడు నెలల కింద ఒప్పుకున్న ధరలు. కాబట్టి అప్రైజల్ ఎప్పుడూ వెనక్కి చూస్తూ నడుస్తుంది. ధరలు పరుగెత్తే కాలంలో బేరం ముందుకు పోతుంది, అప్రైజల్ వెనకబడుతుంది. పడే కాలంలో పాత ధరలే కంప్స్‌గా ఉంటాయి గనుక, అప్రైజర్ జాగ్రత్తపడకపోతే రిపోర్టు "ధర సరిగ్గానే ఉంది" అంటుంది, ఇల్లు మాత్రం అప్పటికే దిగిపోయి ఉంటుంది.

ఈ రెండోది నాకు స్వానుభవం. 2006లో అరిజోనాలో చాండ్లర్‌లో మొదటి ఇల్లు కొన్నాను. కాంట్రాక్టు 3,20,000 డాలర్లు, అప్రైజల్ సరిగ్గా 3,20,000. ఒక్క డాలరు తేడా లేదు. ఎంత కరెక్టుగా కొన్నానో అని మురిసిపోయి హనుమకొండకు ఫోన్ చేసి మరీ చెప్పాను. 2009లో వడ్డీలు తగ్గాయని, పాత లోన్ తీర్చి కొత్తది తీసుకుందామని రీఫైనాన్స్‌కి పోతే అదే ఇంటికి 1,85,000 రాశారు. అప్పటికి నేను బ్యాంకుకు బాకీ ఉన్నది 2,78,000. రీఫైనాన్స్ లేదు పొమ్మన్నారు. 2012లో ఉద్యోగం డాలస్‌కు మారి ఆ ఇల్లు అమ్మిన రోజు, అమ్మినవాణ్ణీ నేనే, అమ్మిన ధర బాకీకి చాలక క్లోజింగ్‌లో చెక్కు రాసిందీ నేనే. అప్పట్నుంచి ఎవరైనా "అప్రైజల్ కరెక్టుగా వచ్చింది అన్నా" అని సంతోషంగా చెప్తే నాకు చాండ్లర్ గుర్తొస్తుంది.

మేనల్లుడి లెక్కకు వద్దాం. కాంట్రాక్టు 5,20,000. ఇరవై శాతం డౌన్ పేమెంట్, అంటే 1,04,000 చేతిలో పెట్టుకున్నాడు. లోన్ 4,16,000. అప్రైజల్ 4,95,000. వాడు పాతిక వేలు ఎక్కడ తేవాలా అని రాత్రంతా కూర్చున్నాడట. అంత అవసరం లేదు. కాంట్రాక్టు ధర, అప్రైజల్, ఈ రెండింట్లో ఏది తక్కువో దాని మీదే బ్యాంకు శాతం లెక్క కడుతుంది. 4,95,000లో ఎనభై శాతం 3,96,000. అంటే ఇరవై శాతం లెక్క నిలుపుకోవాలంటే ఇంకో 20,000 కావాలి. లేదూ, లోన్ 4,16,000 దగ్గరే ఉంచమంటే అది 84 శాతం అవుతుంది. చాలాసార్లు బ్యాంకు దానికీ ఒప్పుకుంటుంది, కాకపోతే నెలనెలా పీఎంఐ అనే ఇన్సూరెన్స్ నెత్తిన పడుతుంది. బాకీ ఇంటి అసలు విలువలో ఎనభై శాతానికి దిగాక దాన్ని తీసేయమని అడగొచ్చు, 78 శాతానికి బ్యాంకే తీసేయాలి. అయిదు శాతం డౌన్‌తో కొనేవాళ్ళకు ఈ వెసులుబాటు లేదు. వాళ్ళకు తేడా దాదాపు మొత్తం జేబులోంచే.

"ఇది తప్పుడు అప్రైజల్ మామా, చాలెంజ్ చేస్తా" అని వాడు ఏడు ఇళ్ళ లింకులు పంపాడు. తెరిచి చూస్తే అయిదు ఇంకా అమ్ముడే పోలేదు. టెక్సాస్‌లో ఇంకో తిరకాసుంది. అక్కడ అమ్మిన ధర ప్రభుత్వ రికార్డులో చెప్పి తీరాలన్న రూలు లేదు, కౌంటీ (అక్కడి జిల్లా) వెబ్‌సైటులో అది దొరకదు. ఏజెంటుతో ఎంఎల్ఎస్ నుంచి, అంటే ఏజెంట్లు వాడే ఇళ్ళ జాబితా నుంచి తీయించాల్సిందే. చాలెంజ్ చేయడానికి దారి లేకపోలేదు. రీకన్సిడరేషన్ ఆఫ్ వాల్యూ అంటారు, విలువ మళ్ళీ చూడమని అడగడం. బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌కు వెళ్ళే లోన్లకు 2024 ఆగస్టు 29 నుంచి ఈ దారి ఉందని బ్యాంకే మనకు చెప్పాలి. ఒక అప్రైజల్ మీద ఒక్కసారే అడగొచ్చు, అయిదు కంప్స్ దాకా ఇవ్వొచ్చు. "అన్యాయం" అని రాస్తే ఎవరూ చూడరు. గది లెక్క తప్పు, విస్తీర్ణం తప్పు, పక్క వీధిలో మొన్న క్లోజ్ అయిన ఇల్లు వదిలేసి హైవే అవతల వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లోది తీసుకున్నారు, ఇట్లాంటివి రాయాలి.

వాడి రిపోర్టు నాకు పంపమన్నాను. విలువ కన్నా ముందు నేను చూసేది మొదటి పేజీలో చిన్న గళ్ళు. ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చిన 1004 ఫారంలో ఆ చుట్టుపక్కల ధరలు పెరుగుతున్నాయా, నిలకడగా ఉన్నాయా, తగ్గుతున్నాయా అని మూడు గళ్ళు. ఇళ్ళ కొరతా, సమానమా, మిగులా అని మూడు. అమ్ముడుపోవడానికి మూడు నెలల లోపా, మూడు నుంచి ఆరా, ఆరు దాటా అని ఇంకో మూడు. వాడి రిపోర్టులో "తగ్గుతున్నాయి" దగ్గర టిక్కు ఉంది. ఆ టిక్కు చూశాక నాకు చాలెంజ్ మీద ఆశ పోయింది. వాడి ఏజెంటు వెతికి తెచ్చిన రెండు మంచి కంప్స్ ఏప్రిల్‌వి. పంపించాం. అప్రైజర్ మర్యాదగా జవాబిచ్చాడు: ఏప్రిల్ తర్వాత ఆ ఏరియా దిగింది, నా అంకె మారదు. నా అనుభవంలో పదింట్లో ఎనిమిది ఇట్లాగే తిరిగొస్తాయి.

ఇక్కడే బావ మాట పనికొచ్చింది. ఆ ఇల్లు అమ్మకానికి పెట్టి తొంభై రోజులు దాటింది. ఓనరు వేరే ఊరికి మారిపోయి రెండు ఇళ్ళకు ఈఎంఐ కడుతున్నాడు. 2021లో అయితే వెనకాల పదిమంది క్యూలో ఉండేవాళ్ళు. అప్రైజల్ తక్కువొస్తే బయానాతో వెనక్కి తగ్గొచ్చన్న అప్రైజల్ షరతే వదులుకుంటామని రాసిచ్చి మరీ కొన్నారు మనవాళ్ళు. ఆ ఏడాది జనవరిలో ముప్ఫై ఏళ్ళ లోన్ సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరుకు అది 7.79 శాతం. నాలుగు లక్షల లోన్‌కి మూడు శాతం దగ్గర నెలకు దాదాపు 1,686 డాలర్లు, ఏడు దగ్గర 2,661. ఇల్లు అదే, నెలకు వెయ్యి తేడా. మూడు శాతంలో ఉన్నవాళ్ళు ఇల్లు వదలరు, ఏడు చూసినవాళ్ళు కొనడానికి జంకుతారు. ఆస్టిన్ లాంటి చోట్ల 2022 శిఖరం నుంచి ధరలు దిగాయి కూడా. అట్లాంటి గాలిలో, తక్కువొచ్చిన అప్రైజల్ కొనేవాడి చేతిలో కాగితం. ఈ కొనుగోలుదారు పోతే వచ్చే ఇంకొకడి బ్యాంకు కూడా దాదాపు ఇదే అంకె రాస్తుందని అమ్మేవాడికి తెలుసు.

వాడితో 4,95,000కే అడగమన్నాను. పది రోజులు లాగి, ఓనరు 5,05,000 దగ్గర ఆగాడు. ఇప్పుడు వాడు తన 1,04,000కు ఇంకో అయిదు వేలు కలిపితే లోన్ సరిగ్గా 3,96,000, పీఎంఐ లేదు. కాంట్రాక్టులో అప్రైజల్ షరతు ఉంది కాబట్టే ఇంత ధీమాగా అడగగలిగాం. అది లేకుంటే బయానా, అదే ఎర్నెస్ట్ మనీ, పోయేది. షరతు వదులుకోమని ఏ ఏజెంటు అన్నా, ఇప్పటి మార్కెట్లో ఎందుకో కాగితం మీద రాసివ్వమనండి.

అయినా వాణ్ణి ఒకటి అడిగాను. ధరలు తగ్గుతున్నాయని రాసిన చోట పదివేలు ఎక్కువ పెట్టి కొంటున్నావు, ఏడేళ్ళయినా ఉంటావా అని. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే దొరికేది అరవై రోజుల వరకే, ఇల్లు అంత తొందరగా అమ్ముడుపోదు. పిల్లల స్కూలు, ఆఫీసు అన్నీ అక్కడే అన్నాడు. సరే అన్నాను. రెండేళ్ళలో కాలిఫోర్నియా పోతాననే వాడైతే వద్దనేవాణ్ణి.

మనవాళ్ళు ప్రత్యేకంగా దెబ్బతినేవి ఇంకొన్ని ఉన్నాయి. తూర్పు ముఖం ఇల్లు అని బిల్డర్ లాట్ ప్రీమియం పదిహేను వేలు గుంజుతాడు, మనం సంతోషంగా కడతాం. చుట్టుపక్కల అమ్మకాల్లో ఆ తేడా కనబడకపోతే అప్రైజర్ దానికి సున్నా వేస్తాడు. ఆయనకు వాస్తుతో పనిలేదు. స్విమ్మింగ్ పూల్ అంతే, పెట్టిన దాంట్లో ఏ కొంతో వస్తుంది. బేస్‌మెంట్ ఉన్న రాష్ట్రాల్లో కింద హోమ్ థియేటర్ ఎంత బాగా కట్టినా నేలపైన ఉన్న విస్తీర్ణంలో కలపరు, విడిగా చూపిస్తారు. అందుకే "మూడు వేల అడుగుల ఇల్లు" అని అమ్మేవాడు చెప్పింది రిపోర్టులో రెండు వేల రెండొందలు అవుతుంది. కొత్త ఇళ్ళలో బిల్డర్లు ధర తగ్గించకుండా వడ్డీ తగ్గిస్తాం, ఫ్రిజ్ ఇస్తాం అంటారు. ధర తగ్గితే అది తర్వాతి ఇళ్ళకు కంప్ అయి కూర్చుంటుంది, అదీ వాళ్ళ భయం. ఆ కానుకల విలువ తీసేసి చూస్తే పక్కింటి అసలు ధర తెలుస్తుంది.

డౌన్ పేమెంట్ ఇంటి నుంచి తెప్పించుకునేవాళ్ళు కూడా ఈ లెక్క ముందే వేసుకోవాలి. మామునూరు ఎయిర్‌పోర్టుకు అనుమతి వచ్చిందని ఇక్కడ అందరూ గజం ధర పెంచి చెప్తున్నారు. నాయిన ప్లాటు అమ్మి పంపుతాడు అనుకుందాం. అరవై లక్షలకు అమ్మి కాగితం మీద పాతిక లక్షలే చూపిస్తే, బ్యాంకు ద్వారా అమెరికా చేరేది ఆ పాతికే. మిగతాది ఎంత ఉన్నా అక్కడి లోన్‌కు పనికిరాదు. తల్లిదండ్రులు ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు, తిరిగి ఇవ్వక్కర్లేదని గిఫ్ట్ లెటర్ ఉండాలి, ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే నువ్వు అమెరికా పన్నుల శాఖకు 3520 ఫారం వేయాలి, ఆ గిఫ్ట్ మీద అక్కడ నీకు పన్ను మాత్రం ఉండదు. అప్రైజల్ తక్కువొచ్చాక అప్పుడు ప్లాటు అమ్మకానికి పెడితే అందదు. ఇంకోటి, 2025 మే 25 నుంచి హెచ్1బీ వాళ్ళకు ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ హామీ ఉండే) లోన్లు లేవు. తక్కువ డౌన్‌తో అదే తీసుకుందాం అని ఇక్కడి నుంచి లెక్కలేసుకుని పోకండి. ఆ హామీ లేని మామూలు కన్వెన్షనల్ లోన్లు ఉన్నాయి.

బావ చివరిదాకా విని, "ఇంతకూ రిజిస్ట్రేషన్ వాల్యూ ఎంత?" అన్నాడు. అక్కడ కౌంటీ వాళ్ళు పన్ను కోసం వేరే అంకె వేస్తారు, అది ఈ అప్రైజల్ కాదు, ఎక్కువ వేశారనిపిస్తే టెక్సాస్‌లో మామూలుగా మే 15 లోపు అభ్యంతరం పెట్టుకోవాలి అని చెప్పాను. మేనల్లుడికీ అది క్యాలెండర్లో రాసుకోమన్నాను. ఈ 4,95,000 రిపోర్టు అప్పుడు కూడా పనికొస్తుంది, పారేయొద్దు.

"గజం ఎంత పడ్డట్టు మరి?" బావ వదల్లేదు. ఆరు వేల చదరపుటడుగుల స్థలం, ఆరొందల అరవై ఏడు గజాలు అన్నాను. ఫోన్ తీసి భాగించుకుంటూ కూర్చున్నాడు.