పాత వీడియో గేమ్‌కి ఆన్‌లైన్‌లో చెబుతున్న రేటు పెట్టి కొనేయాలా?

చిన్నప్పుడు గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి కన్సోల్‌లో ఆడిన పొకెమాన్ ఎమరాల్డ్ క్యాసెట్ మళ్లీ కొనుక్కోవాలని ఉందనీ, రీసేల్ సైట్లలో ఎవరిని చూసినా ఇంచుమించు ఒకటే రేటు, అదీ కళ్లు తిరిగే రేటు చెబుతున్నారనీ, ఇంకా పెరిగిపోయేలోపు కొనేయాలా అనీ అడిగారు. వద్దండి. ఆ రేటుకి కొనకండి, తొందరా పడకండి. చాలా ఏళ్లుగా నేను పాత క్యాసెట్లూ డిస్కులూ కొంటున్నాను. నా దగ్గర రెండేసి ఉన్నవి అమ్ముతుంటాను కూడా. అందుకే అమ్మేవాళ్లు ఏం ఆలోచిస్తారో, కొనేవాళ్లు ఎక్కడ మోసపోతారో కొంత దగ్గరగా చూశాను.

ముందుగా ఇది గమనించండి. మీరు సెర్చ్ చేసినప్పుడు తెర మీద కనిపించేవన్నీ ఇంకా ఎవరూ కొననివి. ఎవరైనా సరైన రేటుకి ఒక ఎమరాల్డ్ పెడితే అది ఆ పూటే వెళ్లిపోతుంది. ఆ పేరుకి అలర్ట్ పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు ఎంతోమంది ఉంటారు, నేనూ పెట్టుకుంటాను. ఎక్కువ రేటు పెట్టినవి మాత్రం అక్కడే ఉండిపోతాయి. కాబట్టి ఏ రోజు, ఏ గంటకు చూసినా ఆ పేజీ నిండా మిగిలిపోయినవే ఉంటాయి. వాటిని చూసి ఇదే మార్కెట్ రేటు అనుకుంటే పూర్తిగా తప్పు లెక్క అవుతుంది. నింటెండో గేమ్‌క్యూబ్ కన్సోల్‌ది ఒక గేమ్ నేను సేవ్ చేసుకున్న జాబితాలో అదే ఫొటోతో, అదే మంచం దుప్పటి మీద పెట్టి, ఏడాది దాటినా అలాగే ఉంది. మధ్యలో అమ్మేవాడు రేటు తగ్గించకపోగా పెంచాడు. ఎందుకంటే అతనూ మీలాగే ఆ పేజీ చూశాడు, మిగతావాళ్లు ఎంత చెబుతున్నారో చూసి తనదీ అంతకు మార్చాడు. అలా ఒకరిని చూసి ఒకరు పెంచుకుంటూ పోతారు. అందరూ ఒకటే రేటు చెప్పడానికి ఇదే ముఖ్య కారణం. వాళ్లలో ఎవరి దగ్గరా అంత పెట్టి ఎవరూ కొని ఉండకపోవచ్చు.

ఇంకో రకం ఉంది. ఒకే క్యాసెట్, ఒకే గీత, లేబుల్ మూల ఒకే చోట చిరిగి ఉంటుంది, కానీ రెండు వేర్వేరు సైట్లలో ఇద్దరు వేర్వేరు మనుషులు, రెండు వేర్వేరు రేట్లు. రెండోవాడి దగ్గర అసలు సరుకే ఉండదు. మీరు డబ్బు కట్టాక, మొదటివాడి దగ్గర కొని మీకు పంపిస్తాడు. ఇలాంటివాళ్లు వందల లిస్టింగులు పెడతారు, ఏ కొద్దిమందికి అమ్మినా వాళ్లకు గిట్టుబాటే. ఫొటోని ఇమేజ్ సెర్చ్‌లో పెడితే చాలాసార్లు ఆ మొదటి లిస్టింగ్ దొరికేస్తుంది. నేను ఎప్పుడూ చేసే పని ఇది.

చెప్పే రేటు వేరు, బేరం తెగిన రేటు వేరు. మనకు కావలసింది రెండోది. ఈబేలో సెర్చ్ చేశాక ఫిల్టర్లలో అమ్ముడుపోయిన వస్తువులు మాత్రమే చూపించే ఆప్షన్ ఉంటుంది, సుమారు గత మూడు నెలల్లో అమ్ముడైనవి కనిపిస్తాయి. ప్రైస్‌చార్టింగ్ అనే సైట్ ఇలా అమ్ముడైన రేట్లనే గేమ్ వారీగా పోగుచేసి, విడి క్యాసెట్‌కి ఎంత, డబ్బా పుస్తకంతో సహా ఎంత, సీల్ తీయనిదానికి ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. ఈ మూడింటి మధ్య తేడా చాలా ఎక్కువ. విడి క్యాసెట్ అమ్ముతూ డబ్బాతో ఉన్నదాని రేటు చెప్పేవాళ్లు కోకొల్లలు. నింటెండో క్యాసెట్లు అట్టడబ్బాల్లో వచ్చిన రోజుల్లో పిల్లలు డబ్బా చింపి పారేసేవాళ్లు. అందుకే మిగిలిన డబ్బాలకు అంత గిరాకీ. ఖాళీ డబ్బాని విడిగా అమ్ముకునేవాళ్లు కూడా ఉన్నారు. అది చూసి మీ విడి క్యాసెట్ రేటు అంచనా వేసుకోకండి.

అమ్ముడుపోయిన రేట్లు చూసేటప్పుడు ఒక మెలిక ఉంది. బేరానికి ఒప్పుకున్న లిస్టింగుల్లో ఈబే అసలు చెప్పిన రేటుని కొట్టేసి చూపిస్తుంది, చివరికి ఎంతకు తెగిందో అక్కడ కనిపించదు. కొట్టేసిన గీత ఉంటే అంతకన్నా తక్కువకే పోయిందని అర్థం చేసుకోండి. అలాగే అన్నిటికన్నా ఎక్కువ పలికిన ఒకటి రెండింటిని, అన్నిటికన్నా తక్కువకు పోయిన ఒకటి రెండింటిని పక్కన పెట్టి మధ్యలో ఉన్నవి చూడండి. మరీ తక్కువకు పోయినవాటిలో చాలావరకు నకిలీలే ఉంటాయి. దాని గురించి కింద చెబుతాను.

2021 తర్వాత ఈ వ్యవహారం ఇంకా పాడైంది. ఆ ఏడాది జూలైలో హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో సీల్ తీయని సూపర్ మారియో 64 ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. దానికి రెండు రోజుల ముందే ది లెజెండ్ ఆఫ్ జెల్డా మొదటి గేమ్ 8 లక్షల 70 వేలకు పోయింది. ఆగస్టులో ర్యాలీ అనే కంపెనీ ద్వారా ఒక సూపర్ మారియో బ్రదర్స్ 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. వార్తలన్నీ అంకె మాత్రమే పెద్దగా వేశాయి. సూపర్ మారియో 64 ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షలకు పైగా అమ్ముడైన గేమ్. నింటెండో 64 మీద అంతకన్నా ఎక్కువ అమ్ముడైన గేమ్ లేదు. వేలంలో పోయింది ఆ గేమ్ కాదు, గ్రేడింగ్‌లో, అంటే వస్తువు ఎంత బాగుందో చూసి మార్కులేసే పరీక్షలో, పదికి 9.8 తెచ్చుకున్న, ఎవరూ చెయ్యి పెట్టని డబ్బా. మరుసటి ఏడాది, మార్కెట్‌ని కావాలని పెంచారని ఆరోపిస్తూ కొందరు కొనుగోలుదారులు ‘వాటా’ (Wata) అనే ఆ గ్రేడింగ్ సంస్థ మీద అమెరికాలో కోర్టుకి కూడా వెళ్లారు. ఆ వేలాల తర్వాత లేబుల్ సగం ఊడిపోయిన మారియో క్యాసెట్లకు కూడా అరుదైనది అని పెద్ద అక్షరాలతో టైటిళ్లు పెట్టడం మొదలైంది. నాకు తెలిసినవాళ్లలో కూడా ఇంట్లో పాత మారియో దొరికింది, ఎన్ని లక్షలొస్తాయి అని అడిగినవాళ్లున్నారు. వాళ్ల ఆశ మీద నీళ్లు పోయాలంటే నాకూ బాధగానే ఉంటుంది.

నిజంగా అరుదైనవి లేవని అనడం లేదు. సెగా సాటర్న్ అనే కన్సోల్ చివరి రోజుల్లో, 1998లో వచ్చిన పాంజర్ డ్రాగూన్ సాగా పాశ్చాత్య దేశాల్లో చాలా తక్కువ కాపీలే వచ్చింది. దానికి ఎక్కువ రేటు ఉందంటే అర్థం ఉంది. సూపర్ నింటెండో కన్సోల్ మీద వచ్చిన ఎర్త్‌బౌండ్ సంగతీ అంతే. 1995లో అమెరికాలో పెద్ద డబ్బాలో, గైడ్ పుస్తకంతో సహా వచ్చి, అప్పట్లో సరిగా అమ్ముడుపోలేదు. 2013లో నింటెండో వీ యూ కన్సోల్‌లోనూ, 2022లో నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సర్వీసులోనూ అదే గేమ్ మళ్లీ వచ్చాక కూడా పాత క్యాసెట్ విలువ నిలబడిందంటే, ఆ డబ్బు ఆట కోసం కాదు, ఆ వస్తువు కోసం ఇస్తున్నారన్నమాట. ఎమరాల్డ్ అలాంటిది కాదు. సుమారు 70 లక్షల కాపీలు అమ్ముడైంది. దాని రేటు పెరగడానికి కారణం గిరాకీ, అంతే. అప్పట్లో ఆడిన పిల్లలంతా ఇప్పుడు సంపాదిస్తున్నారు.

గిరాకీ ఉన్నచోటే నకిలీ ఉంటుంది కాబట్టి, మీరు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. గేమ్‌బాయ్ అడ్వాన్స్ పొకెమాన్ గేమ్‌లకు ఉన్నన్ని నకిలీలు ఇంక దేనికీ నేను చూడలేదు. ఒక స్నేహితుడు ఒరిజినల్ రేటు పెట్టి ఎమరాల్డ్ కొని నాకు చూపించాడు. ముందు నుంచి చూస్తే ఏ తేడా లేదు. కిటికీ దగ్గర వెలుతురులో కొంచెం వంచి పట్టుకుంటే తెలిసింది. అసలు క్యాసెట్ లేబుల్ మీద రెండంకెల ముద్ర ఒకటి, సిరా లేకుండా, సన్నగా నొక్కినట్టు ఉంటుంది. వెలుతురు ఏటవాలుగా పడితేనే కనిపిస్తుంది. అతనిదాని మీద నున్నగా ఉంది. కింద పిన్నులు కనిపించే సందులోంచి చూస్తే, అసలుదానిలో బంగారు రంగు పిన్నుల పైన బోర్డు మీద నింటెండో అని అచ్చు ఉండాలి. అదీ లేదు. ఎమరాల్డ్ ప్లాస్టిక్ ఆకుపచ్చ రంగులో లోపలికి కనిపించేలా ఉంటుంది కాబట్టి విప్పకుండానే సగం పరీక్ష అయిపోతుంది. అసలుదానిలో చదునైన చిప్‌లు, గుండ్రటి బ్యాటరీ కనిపిస్తాయి. అయినా విప్పి చూశాం. చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు ముద్ద ఉంది. మూడు రెక్కల స్క్రూ ఉంది కాబట్టి ఒరిజినల్ అనుకున్నాడట. నకిలీలకు కూడా ఇప్పుడు అదే స్క్రూ వేస్తున్నారు, దాన్ని నమ్మకండి.

ఇంకో గుర్తు చాలామందికి తెలియదు. అసలు ఎమరాల్డ్‌లో బ్యాటరీ గడియారం కోసం మాత్రమే. ఇన్నేళ్లకు అది చచ్చిపోయి ఉండటం సహజం. ఆన్ చేయగానే, లోపలి బ్యాటరీ అయిపోయింది, ఆట ఆడుకోవచ్చు కానీ గడియారంతో నడిచేవి జరగవు అని ఒక మెసేజ్ వస్తుంది. బెర్రీ మొక్కలు పెరగవు, అంతే. మీ సేవ్, అంటే ఆటలో మీరు ఎంతవరకు వచ్చారో దాచుకున్నది, భద్రంగా ఉంటుంది, ఎందుకంటే అది బ్యాటరీ లేకపోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. ఆ మెసేజ్ కనిపిస్తే కొనేవాళ్లు భయపడతారు, నేనైతే ఊపిరి పీల్చుకుంటాను. నకిలీల్లో చాలావాటికి సేవ్ కూడా బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటుంది. కొన్నాళ్లకు మొత్తం పోతుంది. పాత గేమ్‌బాయ్ మీద వచ్చిన గోల్డ్, సిల్వర్ సంగతి వేరు. అవి ఒరిజినల్ అయినా బ్యాటరీ పోతే సేవ్ పోతుంది, కొత్తది సోల్డరింగ్ చేసి పెట్టించుకోవాలి. అవి కొంటే బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగండి.

అందుకే అమ్మేవాళ్లని నేను ఎప్పుడూ మూడు ఫొటోలు అడుగుతాను. వెనక వైపు, కింద పిన్నులు, లేబుల్ ఏటవాలుగా. నిజాయితీగా అమ్మేవాళ్లు ఆ రోజే పంపిస్తారు. కావాలంటే కొనండి, లేకపోతే వదిలేయండి అని జవాబొస్తే వదిలేయడమే. టెస్ట్ చేయలేదు అని రాసినవాటిని పనిచేయనివిగానే లెక్కేసి, ఆ రేటే ఇవ్వండి. కన్సోల్ పక్కనే పెట్టి ఫొటో తీసి, టెస్ట్ చేయడానికి వీల్లేదని రాస్తే ఏం నమ్మమంటారు?

అమ్మేవాళ్లందరూ దోచుకుంటున్నారని మాత్రం అనుకోకండి. సైట్ కమీషన్, ప్యాకింగ్, పోస్టు, తిరిగి పంపేస్తే అయ్యే నష్టం అన్నీ వాళ్ల మీదే పడతాయి. నేను ఒక క్యాసెట్ అమ్మాలంటే పిన్నులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గేమ్ కాసేపు నడిపి, సేవ్ నిలుస్తుందో లేదో చూసి పంపుతాను. ఆ పనికి తగిన డబ్బు ఇవ్వడం న్యాయమే. శుభ్రం చేసి, పరీక్షించి, రిటర్న్ ఒప్పుకునే మనిషికి సగటు రేటు మీద కొంచెం ఎక్కువ ఇచ్చినా నేను బాధపడను.

బేరం ఆడేటప్పుడు చివరి రేటెంత అని అడగొద్దు. ఈ మధ్య అమ్ముడైన రెండు మూడు రేట్లు చెప్పి, నేను ఇంత ఇవ్వగలను, ఈ రోజే కడతాను అని మర్యాదగా రాయండి. నెలల తరబడి పడి ఉన్న లిస్టింగ్ అయితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకోకపోయినా పోయేదేం లేదు. విడిగా కాకుండా కన్సోల్‌తో కలిపి అమ్మే కట్టల్లో కూడా చూడండి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఒక్కో గేమ్ రేటు వెతుక్కుంటూ కూర్చోరు, నా దగ్గరున్న మంచి క్యాసెట్లలో చాలావరకు అలా వచ్చినవే. జపనీస్ చదవగలిగితే జపాన్ కాపీలు ఇంగ్లిష్‌వాటికన్నా మామూలుగా చవక. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ప్రాంతాల తాళం లేదు కాబట్టి ఏ దేశం క్యాసెట్ అయినా నడుస్తుంది. సూపర్ నింటెండోకి అలా కాదు, ముందు కనుక్కోండి.

ఇక రేటు పెరిగిపోతుందేమో అన్న మీ టెన్షన్ గురించి. 2020లో అందరూ ఇళ్లలో ఉండిపోయినప్పుడు పాత గేమ్‌ల రేట్లు బాగా పెరిగాయి. ఆ తర్వాత మామూలు గేమ్‌లలో చాలావాటి రేట్లు ఆ స్థాయిలో నిలవలేదు. ప్రైస్‌చార్టింగ్‌లో ఎమరాల్డ్ గ్రాఫ్ తెరిచి కొన్నేళ్లు వెనక్కి జరిపి చూసుకోండి. అలర్ట్ పెట్టుకుని, మీరు ఇవ్వదలచుకున్న రేటు ముందే కాగితం మీద రాసుకుని, దానికి మించకుండా ఉండండి. లక్షల కాపీలు ఉన్న క్యాసెట్ ఇది, మీకూ ఒకటి దొరుకుతుంది. దొరికినప్పుడు డబ్బు కట్టేముందు ఆ మూడు ఫొటోలు ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.