గేదెలను ఇంటి పంచలో కడితే దోమలు మనల్ని వదిలేస్తాయా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మూడు ముర్రా గేదెలు, ఒక సంకర జాతి ఆవు ఉన్నాయి. పాక పక్కనే వరి చేలు. పొద్దు గూకితే దోమలు విపరీతం. అందులోనూ ఒక గేదె మీదే ఎక్కువగా వాలుతున్నాయి. కిందటేడు ఆవుకి మూడు రోజుల జ్వరం వచ్చి పాలు బాగా తగ్గిపోయాయి. పశువులను ఇంటి పంచలోనే కడితే దోమలు వాటిని కుట్టి మమ్మల్ని వదిలేస్తాయని మా ఊళ్లో పెద్దవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఏం చేయమంటారు?
– ఒక పాడి రైతు

జవాబు: పెద్దవాళ్ల మాట సగం నిజం. పశువుల నెత్తురు ఇష్టపడే దోమలు మీ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. కానీ పశువులను మీరు పడుకునే చోటికి పది అడుగుల దూరంలో కట్టడం వేరు, విడిగా దూరాన కట్టడం వేరు. పాకిస్తాన్‌లోని అఫ్గాన్ శరణార్థుల శిబిరాల్లో 1990ల్లో పరిశీలిస్తే, పశువులున్న కుటుంబాల పిల్లల్లోనే మలేరియా ఎక్కువ కనిపించింది. పశువు వాసనకి వచ్చిన దోమలన్నీ పశువుతోనే సరిపెట్టుకోవు. తోక దెబ్బకి లేచినవి, చోటు దొరకనివి పక్క మంచం మీద ఉన్నవాళ్లను వెతుక్కుంటాయి. పైగా కడుపు నిండిన ఆడ దోమ గుడ్లు పెడుతుంది. అంటే పశువు దోమల సంతతికి మేత కూడా పెడుతోంది. కాబట్టి పంచలో కట్టకండి.

దోమ ఎవర్ని కుట్టాలో ఎలా ఎంచుకుంటుందో తెలిస్తే, ఎక్కడ ఖర్చు పెట్టాలో మీకే తెలుస్తుంది. కుట్టేది ఆడ దోమ ఒక్కటే, గుడ్ల కోసం. దూరం నుంచి ముందు మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పసిగడుతుంది. గేదె ఊపిరి మనిషి ఊపిరి కంటే ఎన్నో రెట్లు కాబట్టి పాక దానికి పెద్ద గుర్తు. దగ్గరికొచ్చాక ఒంటి వాసన, వేడి, చెమ్మ పని చేస్తాయి. పశువుల ఊపిరిలో ఆక్టినాల్ అనే పదార్థం ఉంటుంది. ఆఫ్రికాలో నెత్తురు పీల్చే సెట్సీ ఈగలను పట్టే బోనుల్లో దాన్నే ఎరగా పెడతారు, కొన్ని రకాల దోమలూ దానికి వస్తాయి. మనిషి చర్మం నుంచి వచ్చే వాసనల్లో లాక్టిక్ ఆమ్లం, సల్కటోన్ లాంటివి ముఖ్యం.

ఏ వాసన వైపు మొగ్గాలన్నది చాలావరకు పుట్టుకతో వచ్చే గుణం. దీనికి మంచి ఉదాహరణ కెన్యా తీరంలోని రబాయి అనే ఊరిది. అక్కడ డెంగీ దోమ ఈడిస్ ఈజిప్టై రెండు రూపాల్లో ఉండేది. అడవిలోది జంతువులను కుట్టేది, ఇళ్లలోది మనుషులను. రెండింటినీ సంకరం చేసి పెంచి చూసిన శాస్త్రవేత్తలు 2014లో చెప్పిందేమిటంటే, మనుషులను ఇష్టపడే దోమల్లో ఓఆర్4 అనే వాసన గ్రాహకం తాలూకు జన్యువు ఎక్కువగా పనిచేస్తోందని, ఆ గ్రాహకం సల్కటోన్‌ని బాగా పట్టుకుంటోందని. ఇంకో ముచ్చట: టాంజానియాలో మలేరియా తెచ్చే అనాఫిలిస్ అరబియెన్సిస్ దోమలను పట్టి కడుపులోని రక్తం ఎవరిదో చూస్తే, ఆవును కుట్టినవాటికీ మనిషిని కుట్టినవాటికీ మూడో క్రోమోజోమ్ మీద ఒక ముక్క అమరికలో తేడా కనిపించింది. ఒకే జాతి, ఒకే ఊరు, అయినా ఇంత తేడా!

మన దగ్గర కూడా ఇదే కథ. పల్లెల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ చూడ్డానికి ఒక్కటే, లోపల అయిదు సోదర జాతులు. ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు. కంటితో చూసి గుర్తుపట్టలేం. బి రకం పశువుల మీదే బతుకుతుంది, మలేరియా వ్యాప్తిలో దాని పాత్ర స్వల్పం. రామేశ్వరం దీవిలో, శ్రీలంకలో ఉండే ఇ రకం మాత్రం మనుషుల వెంట పడుతుంది, అక్కడ మలేరియా వ్యాపించడానికి ప్రధానంగా అదే కారణమైంది. కాబట్టి 'దోమలు' అని ఒక్క మాటలో అనేస్తే లెక్క తప్పుతుంది.

మీ వరి చేలల్లో పుట్టేవాటిలో ఎక్కువ భాగం బహుశా క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ అనే దోమ, దాని దగ్గరి చుట్టాలు. దక్షిణ భారతంలో పట్టిన ఈ దోమల కడుపుల్లో ఎక్కువగా కనిపించేది పశువుల రక్తమే. మెదడువాపు వ్యాధి (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) తెచ్చేది కూడా ఇదే. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆవు, గేదె ఒంట్లో ఆ వైరస్ దోమకి తిరిగి అంటేంతగా పెరగదు. పందుల్లో, కొంగల్లాంటి నీటి పక్షుల్లో పెరుగుతుంది. మీ ఇంటికి భయం గేదెల వల్ల కాదు, వాడలో తిరిగే పందుల వల్ల. పందుల దొడ్లు ఇళ్లకు దూరంగా ఉండేట్టు పంచాయతీలో గట్టిగా అడగండి. మీ మండలంలో పిల్లలకు ఆ టీకా ఇస్తుంటే తప్పక వేయించండి.

ఇక ఆ ఒక్క గేదె సంగతి. పశువుకీ పశువుకీ ఒంటి వాసన ఒకేలా ఉండదు. మనుషుల్లో అయితే దోమలు ఆకర్షించబడే గుణం చాలావరకు వంశపారంపర్యమని కవలలపై చేసిన పరిశోధనలో తేలింది. పశువుల్లో ఈగల మీద జరిగిన పరిశోధనలు ఇంకా తమాషా. మందలో ఈగలు తక్కువ వాలే పెయ్యల ఒంటి నుంచి వచ్చే వాసనల్లో సల్కటోన్ ఒకటి. దాన్ని మిగతా పెయ్యలకు పట్టిస్తే వాటి మీదా ఈగలు తగ్గాయి. మనిషి వైపు డెంగీ దోమను లాగే పదార్థమే అక్కడ ఈగను తరుముతోంది. మీ గేదె విషయంలో వాసన ఒక్కటే కాకపోవచ్చు. అది బరువైనదా, చూడిదా, పాకలో గాలి ఆడని మూలన ఉందా, తోక సరిగా ఆడిస్తోందా చూడండి. డెంగీ దోమ తనకి దెబ్బ తగిలినప్పుడు ఉన్న వాసనను గుర్తుపెట్టుకుని కొంతసేపు దాన్ని తప్పించుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. నీరసంగా నిలబడే పశువు మీద వాలడం దోమకి సులువు. ఆ గేదెను గాలి వచ్చే వైపుకి మార్చి నాలుగు రోజులు చూడండి. అయినా తేడా లేకపోతే రక్తహీనత, పురుగుల బెడద ఉన్నాయేమో పశువైద్యుడికి చూపించండి.

చేయాల్సిన పనుల్లో నా దృష్టిలో మొదటిది ఫ్యాన్. దోమ బలహీనంగా ఎగురుతుంది. గాలి బాగా ఆడితే వాలలేదు, ఊపిరి వాసన కూడా చెదిరిపోతుంది. సంధ్య వేళ నుంచి తిప్పండి. వీలైతే పాక చుట్టూ దోమతెర కట్టండి, గాలి మాత్రం ఆపొద్దు. వేపాకు పొగ ఉన్నంతసేపే పనిచేస్తుంది, మూసిన పాకలో దూడలకు ఊపిరి ఇబ్బంది. కుడితి తొట్టి, మూత్రం కాలువ, పాత టైర్లలో నీరు వారానికొకసారైనా పూర్తిగా ఒంపేయండి.

పశువు ఒంటికి మందు వాడటం ఖర్చు తక్కువ పద్ధతి. పాకిస్తాన్‌లోనే డెల్టామెత్రిన్ అనే కీటకాల మందుని పశువులకు పూసి చూస్తే, మలేరియాలో ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం సగానికి పైగా తగ్గింది. ఇళ్లలో మందు కొట్టే ఖర్చులో అయిదో వంతే అయింది. పశువు వైపు దోమ వస్తుందన్న గుణాన్నే దాని మీదకి తిప్పడం అన్నమాట. అయితే పశువుల కోసం తయారైన మందే వాడాలి, చేలో కొట్టేది వద్దు. మోతాదు ఎంత, పూశాక ఎన్నాళ్లు ఆ పాలు వాడకూడదన్నది మీ పశువైద్యుడిని అడిగి వాడండి. పొదుగు, కళ్లు, నోరు తగలనివ్వొద్దు.

చేలో కూడా కొంత చేయొచ్చు. యూరియా వేశాక, నాట్లయిన తొలి వారాల్లో దోమ పిల్లలు బాగా పెరుగుతాయి. వేప పూత యూరియా వాడితే కొంత తగ్గుతాయి. నీరు ఎప్పుడూ నిలబెట్టకుండా, మడి తడిపి ఆరనిచ్చి మళ్లీ తడిపే పద్ధతి పాటిస్తే వాటికి పెరిగే వ్యవధి దొరకదు. నీళ్లూ ఆదా.

ఆవు జ్వరం గురించి: మూడు రోజుల జ్వరం దోమలు, క్యూలికాయిడ్స్ అనే అతి చిన్న ఈగల వల్ల వస్తుంది. ఈసారి వణుకు, కుంటడం, మేత మానడం కనబడితే వెంటనే వైద్యుడిని పిలవండి. ఆ జ్వరంలో పశువు సరిగా మింగలేకపోవచ్చు. కషాయం, నూనె లాంటివి నోటితో బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.