హైస్కూలు ఏ రోజు పుట్టింది? యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మీ పట్నం హైస్కూలు తొలినాళ్ల మీద నువ్వు రాసిన మొదటి అధ్యాయం చదివాను. వాక్యం చక్కగా నడిచింది, బడి మీద నీకున్న మమకారం దాగలేదు. కానీ మొదటి వాక్యంలోనే స్థాపన సంవత్సరం వేసేసి ముందుకు వెళ్లిపోయావు. ఆ సంవత్సరం స్వర్ణోత్సవ సంచికలోంచి తీసుకున్నావు. సంచికవాళ్లు గేటు మీద బోర్డు చూసి వేసి ఉంటారు, బోర్డు రాయించినవాళ్లు ఎవరో పెద్దాయన చెప్పింది విని రాయించి ఉంటారు. చరిత్ర రాసేవాడు ఇలాంటి గొలుసును మొదటి కొస దాకా లాగి చూడాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి హైస్కూలుకు పుట్టిన తేదీ ఒక్కటి ఉండదు. ఎవరి సావిట్లోనో, అద్దె ఇంట్లోనో పిల్లల్ని కూర్చోబెట్టి ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెట్టిన రోజు ఒకటి. సర్కారు గ్రాంటు అందిన రోజు ఇంకొకటి. యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష అయిన మెట్రిక్యులేషన్‌కు మొదటి జట్టును పంపిన సంవత్సరం వేరు, సొంత భవనంలోకి మారింది వేరు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ 1853లో జిల్లా స్కూలుగా మొదలై 1873లో కాలేజీ అయింది. ఏ తేదీని పుట్టుక అంటున్నావో పాఠకుడికి చెప్పి, మిగతావాటినీ పక్కనే పెట్టు. నన్నడిగితే, ‘హైస్కూలు’ అనిపించుకున్న తేదీ అంటే మెట్రిక్యులేషన్ తేదీయే. మద్రాసు యూనివర్సిటీ పుట్టిందే 1857లో. అంతకు ముందున్న ఏ బడినైనా ఆ అర్థంలో హైస్కూలు అనడం కుదరదు. మచిలీపట్నంలో క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి ఎంత పేరున్నదైనా, మొదటి పద్నాలుగేళ్లు అలాంటి పరీక్ష లేకుండానే నడిచింది.

‘అప్పటిదాకా ఊళ్లో చదువన్నదే లేదు, ఈ బడి దీపం వెలిగించింది’ అని రాశావు చూడు, అది దయచేసి తీసెయ్. మద్రాసు గవర్నరు మన్రో 1822లో కలెక్టర్లందరి చేతా బడుల లెక్క తీయించాడు. 1826 నాటికి తేలిన మొత్తం ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. వీధిబడి పంతుళ్లు ఇసుకలో అక్షరాలు దిద్దించి, ఎక్కాలు వల్లె వేయించి, శతకాలు కంఠస్థం చేయించారు. మీ హైస్కూలు మొదటి జట్టు పిల్లలు చదవడం, రాయడం, కూడికలు అక్కడే నేర్చుకుని వచ్చి ఉంటారు. వీధిబడిని మింగేసి కొత్త బడి పెరిగిందా, దాని పక్కనే పెరిగిందా అన్నది నీ అధ్యాయానికి అసలైన ప్రశ్న.

ఇక డబ్బు. 1854లో లండన్ నుంచి వచ్చిన చదువుల విధాన పత్రం (వుడ్ డిస్పాచ్) తర్వాత గ్రాంటు కావాలంటే బడికి స్థానికంగా బాధ్యత వహించే యాజమాన్యం ఉండాలి, సర్కారు తనిఖీకి ఒప్పుకోవాలి, పిల్లల దగ్గర ఎంతో కొంత ఫీజు వసూలు చేయాలి. కాబట్టి ‘జమీందారుగారి దయతో ఉచితంగా నడిచిన బడి’ అనీ, ‘గ్రాంటు అందుకున్న బడి’ అనీ ఒకే పేరాలో కనిపిస్తే రెండింటిలో ఏదో ఒకటి తప్పు, లేదా రెండూ వేర్వేరు సంవత్సరాలవి.

ఫీజు పుస్తకం దొరికితే అంకెలు జాగ్రత్తగా చదువు. 1-12-0 అని ఉంటే ఒక రూపాయి పన్నెండు అణాలు, అంటే రూపాయిముప్పావు. దాన్ని 1.12 అనుకుని 120 మందికి లెక్క కడితే 134 రూపాయల చిల్లర వస్తుంది, అసలు మొత్తం 210. పన్నెండు పైలు ఒక అణా, పదహారు అణాలు రూపాయి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా ఇదే లెక్క. పేజీ అడుగున గుమాస్తా వేసిన మొత్తాన్ని కూడా నమ్మకు, కూడి చూసుకో.

తరగతుల దగ్గర కూడా పొరబడ్డావు. ‘ఆరో ఫారం విద్యార్థి’ అని ఉన్నదాన్ని ఆరో తరగతి పిల్లవాడని రాశావు. మొదటి ఫారం అంటే ఆరో తరగతి. నాలుగో ఫారం తొమ్మిది, ఆరో ఫారం పదకొండు. ఆ కుర్రవాడు మెట్రిక్యులేషన్ గుమ్మంలో నిలబడ్డవాడు.

అన్నిటికన్నా విలువైనది అడ్మిషన్ రిజిస్టరు. దానికి తొందరపడకుండా టైమివ్వు. వరస నంబరు, చేరిన తేదీ, పేరు, తండ్రి లేదా సంరక్షకుడు, వృత్తి, పుట్టిన తేదీ, అంతకు ముందు చదివిన బడి, చేరిన తరగతి, మానేసిన తేదీ, కారణం, ఇలా గళ్లుంటాయి. వరస నంబరు 400 దాటింది కదా అని బడిలో 400 మంది ఉన్నారని రాయకు. అది అప్పటిదాకా చేరినవాళ్ల లెక్క. మానేసి మళ్లీ చేరినవాడికి కొత్త నంబరు పడుతుంది, కొత్త పుస్తకం తెరిస్తే నంబరు ఒకటికి రావచ్చు. ఒక రోజున ఎంతమంది ఉన్నారో కావాలంటే ఆ తేదీకి ముందు చేరి, ఆ తేదీకి మానెయ్యనివాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టాలి. మార్చి 31ని తీసుకో, విద్యాశాఖ వార్షిక నివేదికతో పోల్చుకోవడానికి వీలవుతుంది. పుట్టిన తేదీల గడిలో జూలై 1 కుప్పలుగా కనిపిస్తే ఆశ్చర్యపోకు. అది వయసు అంచనా వేసి పంతులు పెట్టిన తేదీ.

వృత్తి గడి, అంతకు ముందు చదివిన బడి గడి కలిపి మొదటి 200 ఎంట్రీలు పట్టిక వెయ్యి. ప్లీడర్లు, కచేరీ గుమాస్తాలు, కరణాలు, వర్తకులు ఎవరెంత ఉన్నారో తేలుతుంది. ఎవరు లేరో కూడా తేలుతుంది. మొదటి ఆడపిల్ల ఏ పేజీలో, దళిత కుటుంబం నుంచి వచ్చిన మొదటి విద్యార్థి ఏ పేజీలో ఉన్నారో వెతుకు. ‘అందరికీ తలుపులు తెరిచిన బడి’ అన్న మాట ఆ పేజీలు చూశాకే రాయాలి, లేదా రాయడం మానుకోవాలి. కులాల గడి చూసి మామూలు కుటుంబాల పేర్లు అచ్చు వేయకు, అంకెలు చాలు.

సంఖ్య హఠాత్తుగా పడిపోయిన చోట ఆగు. ఫీజు పెరిగిందని ఊహించి దాటెయ్యకు. 1852లో నోబుల్ బడిలో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. 1876-78 కరువు, 1907 వందేమాతరం రోజులు, 1918 ఇన్‌ఫ్లుయెంజా, 1921 సహాయ నిరాకరణ, ఇవన్నీ హాజరు పట్టీల్లో జాడ వదిలే సంఘటనలు. మీ బడిలో వదిలాయో లేదో పుస్తకమే చెప్పాలి.

తేదీలు మార్చేటప్పుడు పంచాంగం పక్కన పెట్టుకో. ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే అది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860 జూలై నుంచి 1861 జూన్ దాకా. ప్రభవ నామ సంవత్సరం 1867 ఉగాదికి మొదలైంది, కానీ ‘ప్రభవ మాఘంలో’ బడి పెట్టారంటే అప్పటికి 1868 వచ్చేసింది. అరవై ఏళ్లకు, 1927లో, మళ్లీ ప్రభవే. జమీందారు ఎవరో, హెడ్మాస్టరు ఎవరో చూసుకోకపోతే అరవై ఏళ్లు తేడా పడుతుంది.

శిలాఫలకం ఫొటో పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తియ్యి, ఏటవాలు వెలుతురులో అరిగిన అక్షరం నీడ పడి కనిపిస్తుంది. సుద్ద పులమకు, నూనె రాయకు. శంకుస్థాపన ఫలకమా, ప్రారంభోత్సవ ఫలకమా అన్నది రాసుకో, రెండింటి మధ్య ఏళ్లు గడిచి ఉండొచ్చు.

బడిలో లేనిది బయట వెతకాలి. విద్యాశాఖ జీవోలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, సర్కారు నోటిఫికేషన్లకు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, మునిసిపాలిటీ నడిపిన బడైతే కౌన్సిల్ తీర్మానాల పుస్తకం. 1902 తర్వాతి సంగతులకు కృష్ణాపత్రిక తిరగెయ్.

ఈ వారం రిజిస్టరులో మొదటి 200 ఎంట్రీల పట్టిక పూర్తి చెయ్యి. మొదటి మెట్రిక్యులేషన్ జట్టులో ఎంతమంది పరీక్షకు కూర్చున్నారో, ఎంతమంది గట్టెక్కారో, వాళ్లకు పాఠం చెప్పిందెవరో మూడు పేజీల్లో రాసి, పట్టికతో పాటు పంపించు. స్థాపన సంవత్సరం ఉండాల్సిన చోటు ప్రస్తుతానికి ఖాళీగా వదిలెయ్.

శుభాకాంక్షలతో,
మీ పెద్దాయన