చదివించింది ఊళ్లో ఉండటానికా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలంలో ఒక పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మిరప, పత్తి వేస్తాం. నల్లతామర పురుగు వచ్చిన ఏడాది చేసిన అప్పు ఇంకా కొంత ఉంది. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మాయికి 22 ఏళ్లు, అగ్రికల్చర్ బీఎస్సీ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగం వస్తే వెళ్లనంటోంది. డ్వాక్రా సంఘాల్లో మిరప వేసే ఆడవాళ్లందరినీ కలిపి, కాయలు ఎండబెట్టడం, గ్రేడింగ్, అమ్మకం అందరికీ ఒకేచోట జరిగేలా చూస్తానంటోంది. మా ఆయన నెల రోజులుగా దానితో మాట్లాడటం లేదు. ‘చదివించింది ఊళ్లో ఉండటానికా?’ అని బంధువులు అడుగుతున్నారు. సంబంధాలు రావేమోనని నాకూ టెన్షన్‌గా ఉంది. నేనెవరి వైపు నిలబడాలి?

జవాబు: అమ్మా, అమ్మాయి ఏం చేయాలనుకుంటోందో మీరు నాలుగు ముక్కల్లో ఎంత స్పష్టంగా రాశారో ఒకసారి మళ్లీ చదువుకోండి. అంటే మీరు తన మాట పూర్తిగా విన్నారు. ఆ ఇంట్లో ఇప్పటిదాకా విన్నది మీరొక్కరే అనిపిస్తోంది. అందుకే ఎవరి వైపు అన్న ప్రశ్న పక్కన పెట్టి, మీ ఆయన కూడా వినేలా ఏం చేయాలో చూద్దాం.

ముందు ఆయన గురించి. 2021-22లో నల్లతామర పురుగు పూత మీద పడి మన ప్రాంతంలో ఎన్ని మిరప తోటలను తుడిచిపెట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు. తోట దున్నేసిన రైతులతో ఆ ఏడాది నేను మాట్లాడాను. వాళ్లలో చాలామంది నోట వచ్చిన మాట ఒక్కటే: ‘మా పిల్లలు మాత్రం ఈ మట్టిలోకి దిగకూడదు.’ మీ ఆయన అప్పులోనే ఉండి కూడా కూతురి ఫీజులు కట్టారు. ఆ చదువుతో పిల్ల గట్టున పడుతుందనుకున్నారు. ఇప్పుడు అమ్మాయి ఇక్కడే ఉంటానంటే, తన కష్టం వృథా అయిందని ఆయన గుండెలో పడి ఉంటుంది. మాట్లాడకపోవడం వెనక భయం ఉంది. దాన్ని మొండితనం అనుకుంటే అమ్మాయి ఇంకా దూరం జరుగుతుంది. ఈ సంగతి ఆమెకు మీరే చెప్పాలి.

ఇక అమ్మాయి ఆలోచన. అది గాలిలో మేడ కాదు. గుంటూరు యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్. అంత పెద్ద చోటికి పది టిక్కీలతో (మిర్చి బస్తాలతో) వెళ్లిన చిన్న రైతుకు బేరమాడే బలం ఎక్కడుంటుంది? రంగు పోయిన తాలు కాయలు కలిసినా, తేమ ఉన్నా ధరలో కోత పడుతుంది. కల్లంలో నేల మీద పోసి, మంచుకు తడిసి సరిగ్గా ఆరని కాయల్లో బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. విదేశాలకు పంపే వ్యాపారులు అలాంటి సరుకు తీసుకోరు. టార్పాలిన్ పట్టాల మీద ఎండబెట్టడం, రాత్రి కప్పడం, తాలు వేరు చేయడం వంటి పనులు మన ఆడవాళ్ల చేతుల్లోవే. వాటికి చదువు తోడైతే ధరలో తేడా కనిపిస్తుంది. సందేహం వస్తే అడగడానికి గుంటూరు పక్కనే లాం ఫారంలో శాస్త్రవేత్తలు ఉన్నారు, వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది.

నాకున్న ఆందోళన వేరే. ‘సరే, ఉండు’ అని ఒప్పుకుని, తర్వాత ఆమెను ఇంట్లో పనికీ సంఘం పుస్తకాలు రాయడానికీ పరిమితం చేస్తారేమోనని. మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవే. అయినా కుర్చీలో భార్య, మాట భర్తది అయిన ఊళ్లు ఎన్ని చూడలేదు? పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అయితే నాయకత్వం రాదు. కాబట్టి మీ సొంత భూమిలో ఒక ఎకరం సాగు నిర్ణయాలు ఈ పంటకు ఆమెకే వదలండి. ఏ విత్తనం, ఎంత మందు, ఎప్పుడు కోత అన్నది తనే తేల్చాలి. ఖర్చు ప్రతి రూపాయీ నోటు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం వాళ్ల నాన్న ఎప్పుడడిగితే అప్పుడు చూపించాలి.

సంఘం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఊళ్లోని డ్వాక్రా సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం మీటింగులో విషయం పెట్టించి, తీర్మానం మినిట్స్ బుక్‌లో రాయించండి. ఆమె పనికి ఎంతిస్తారో కూడా అందులోనే రాయాలి. చదువుకున్న ఆడపిల్ల అందుబాటులో ఉంటే ఊరంతా ఉచితంగా పని చేయించుకోవడం మనకు అలవాటు. పదిమంది డబ్బు ఆమె సొంత ఖాతాలోకి ఎప్పుడూ రానివ్వొద్దు. సంఘం ఖాతాలోనే, ఇద్దరి సంతకాలతో నడవాలి. కంపెనీ రిజిస్ట్రేషన్ అని ఎవరైనా తొందరపెడితే ఆగమనండి. ఉత్పత్తిదారుల కంపెనీకి పది మంది రైతులు చాలు గానీ, కేంద్రం 2020లో మొదలుపెట్టిన ఎఫ్‌పీవో (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) పథకంలో మైదాన ప్రాంతానికి 300 మంది సభ్యులు కావాలన్నారు. ముందు పదిహేను, ఇరవై మంది ఒక కోత కలిసి అమ్మి చూడాలి. ఎవరు మాట మీద నిలబడతారో అప్పుడే తెలుస్తుంది.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఊరు ఖాళీ అవుతోందని, దాన్ని ఆపే భారం 22 ఏళ్ల పిల్ల నెత్తిన పెట్టకండి. గుంటూరులో కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరప తొడిమలు తీసే పనికి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లతో నేను మాట్లాడాను. పని ఊళ్లోనే దొరికితే పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వచ్చేవాళ్లం కాదన్నారు. మీ ఊళ్లో కొన్ని వారాలైనా అలాంటి పని పుడితే, ఆ కొన్ని ఇళ్లకు తాళం పడదు. మిగతావాళ్లు వెళ్తారు, వెళ్లనివ్వండి. రెండేళ్ల తర్వాత మీ అమ్మాయే హైదరాబాద్ వెళ్తానన్నా అది ఓటమి కాదు. ఆ తలుపు తెరిచే ఉందని ఆమెకు ఇప్పుడే చెప్పండి.

1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు ఆడపిల్లల చదువు కోసం గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. ఆడపిల్ల చదువు దేనికి అని ఈ నేల మీద వందేళ్లుగా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మీ బంధువులకు మీరిప్పుడే జవాబు చెప్పాల్సిన పని లేదు.

సంబంధాల సంగతికొస్తే, ఆమె చేసే పని దాచి ఏ సంబంధమూ చూడకండి. తెలిసి వచ్చేవాళ్లు తక్కువే ఉండొచ్చు, వాళ్లతోనే మాట్లాడండి. ఈ ఒక్క పంట చేతికొచ్చేదాకా పెళ్లి మాట ఎత్తనని అమ్మాయికి మాటివ్వగలరా? ఇవ్వగలిగితే ఇవ్వండి.

ఇప్పుడు మీ ఆయన దగ్గరికి. కూర్చోబెట్టి నచ్చచెప్పాలని చూడొద్దు. అమ్మాయి దగ్గర డిగ్రీ ఉంది గానీ, గుప్పెడు కాయలు పట్టుకుని రంగు చూసి ధర అంచనా వేయడం, కమీషన్ వ్యాపారి చెప్పిన రేటుకు ఎక్కడ ఆగాలో, ఎక్కడ బేరమాడాలో తెలియడం ఆయనకే వచ్చు. అది ఏ కాలేజీలోనూ చెప్పరు. ఈసారి ఆయన యార్డుకు సరుకు తోలేటప్పుడు, ‘దీనికి యార్డు చూపించండి, మీరు తప్ప దీనికి ఎవరు నేర్పుతారు’ అని చెప్పి, అమ్మాయిని కూడా ఆ బండి ఎక్కించండి. మీరు ఇంట్లోనే ఉండండి. దారంతా వాళ్లిద్దరే ఉంటారు.