మా అమ్మాయి లేజర్ పరిశోధన అంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తెనాలిలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. లేజర్లు, ప్రత్యేకమైన ఫైబర్లతో ‘ఫ్రీక్వెన్సీ కోంబ్’లు తయారుచేసే పరిశోధనలోకి వెళ్తానంటోంది. డిగ్రీ కాగానే ఎంసీఏ చేయమంటే వినడం లేదు. ఆ చదువుకు భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి

జవాబు: ఉందండీ. అయితే జీతం త్వరగా చేతికొచ్చే దారి కాదు. ఎమ్మెస్సీకి రెండేళ్లు, ఆపైన పీహెచ్‌డీకి సుమారు ఐదేళ్లు పడుతుంది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 వస్తాయి; ఇంటి అద్దె భత్యం అదనం. అది వస్తే మీరు మోయాల్సింది ఎమ్మెస్సీ ఖర్చు మాత్రమే.

అమ్మాయి ఎందుకింత పట్టుబడుతోందో మీకూ తెలియాలి. ఫెమ్టోసెకన్ల (సెకనులో ఊహకందనంత చిన్న భాగాల) నిడివి మాత్రమే ఉండే కాంతి తునకలను లయ తప్పకుండా విడిచే లేజర్లు ఉన్నాయి. ఆ కాంతిని విడదీసి చూస్తే దువ్వెన పళ్లలా సమాన దూరంలో వేలాది పౌనఃపున్యాలు బారులు తీరి ఉంటాయి. దాన్నే ఫ్రీక్వెన్సీ కోంబ్, అంటే పౌనఃపున్యాల దువ్వెన అంటారు. కాంతిని కొలవడానికి అదొక కొలబద్ద. కాంతి కంపనాలతో కాలాన్ని కొలిచే ఆప్టికల్ గడియారాలకు, నక్షత్రకాంతిని విశ్లేషించే పరికరాలకు అదే ఆధారం. జాన్ హాల్, థియోడర్ హెన్ష్‌లకు 2005లో భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కడంలో ఈ దువ్వెనకు పెద్ద పాత్ర ఉంది.

చిక్కేమిటంటే, సున్నా నుంచి లెక్కిస్తే దువ్వెన మొత్తం కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఎంత జరిగిందో పట్టుకునే ఉపాయం సంగీతం తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది. మధ్యస్థాయి షడ్జమాన్ని రెట్టింపు చేస్తే తారస్థాయి షడ్జమంతో కలవాలి. కలవకపోతే ఆ తేడా వినిపిస్తుంది. ఇక్కడా ఎర్ర కొసన ఉన్న పన్నును రెట్టింపు చేసి నీలి కొసన ఉన్న పన్నుతో పోలుస్తారు. కాని లేజర్ కాంతి సాధారణంగా ఒక స్థాయి అంత వెడల్పు ఉండదు. దాన్ని కాంతికి కొత్త పౌనఃపున్యాలు చేర్చే నాన్‌లీనియర్ ఫైబర్‌లోకి పంపితే అంత వెడల్పున పరుచుకుంటుంది. అసలు తలనొప్పి కూడా అక్కడే మొదలు. లేజర్ కాంతి బలాన్ని పెంచే యాంప్లిఫయర్‌లో పుట్టిన చిల్లర కాంతిని సైతం ఆ ఫైబర్ పెంచేయగలదు. అప్పుడు పళ్లు అలుక్కుపోతాయి. ఆ నాయిస్‌ను అణచడానికి తునకల నిడివి ఇంకా తగ్గిస్తారు, ఫైబర్‌ను పొట్టిగా ఉంచుతారు, వేరే రకం ఫైబర్‌ను ఎంచుకుంటారు.

ఒక ప్రయోగశాలలో ఈ పని దగ్గరుండి చూశాను. 125 మైక్రాన్ల మందం ఉన్న ఫైబర్ పైపూతను ఒలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, కొస నున్నగా తెగేలా కోసి, ఇంకో ఫైబర్‌కు అతికించింది ఒక విద్యార్థిని. తెరమీద కొలత చూసింది. రెండు సెంటీమీటర్లు తగ్గించి మళ్లీ అతికించింది. మధ్యాహ్నమంతా అదే పని, ఆ పిల్ల ముఖంలో విసుగన్నదే లేదు. నోబెల్ కథలు చదివి వచ్చే ఉత్సాహం ఇక్కడ ఎక్కువకాలం నిలవదు, ఈ ఓపికే నిలుస్తుంది. మీ అమ్మాయికి అది ఉందో లేదో మీరూ నేనూ ఊహించి చెప్పలేం, ప్రయోగశాలలో కూర్చుంటేనే తెలుస్తుంది.

మన దేశంలో చోట్లు లేకపోలేదు. ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశపరీక్ష రాసి ఐఐటీలకు, సీయూఈటీ-పీజీ అనే ప్రవేశపరీక్ష రాసి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ప్రయత్నించవచ్చు. కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో ఫోటానిక్స్‌కు (కాంతి సాంకేతికతకు) ప్రత్యేక విభాగమే ఉంది. పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకాలో యిటర్బియం అయాన్‌తో నడిచే ఆప్టికల్ గడియారంపై పని జరుగుతోంది. ప్రత్యేక ఫైబర్లపై కోల్‌కతాలోని గాజు పరిశోధన సంస్థకు చాలాకాలంగా పట్టుంది. 2023లో కేంద్రం ఆమోదించిన సుమారు 6,000 కోట్ల రూపాయల జాతీయ క్వాంటమ్ మిషన్‌లో కొలతలు, సెన్సర్ల కేంద్రం ఐఐటీ బాంబేకి దక్కింది. విదేశాల్లో అయితే ఈ కోంబ్‌లనే తయారుచేసి అమ్మే మెన్లో సిస్టమ్స్ వంటి కంపెనీలు ఉన్నాయి. కోంబ్‌ల ఉద్యోగం దొరకకపోయినా ఫైబర్ పని వచ్చినవారిని టెలికాం, సెన్సర్ల రంగాలు తీసుకుంటాయి.

ఈ ఏడాది ఫూరియే గణితం, పైథాన్, ఎలక్ట్రానిక్స్ గట్టిగా నేర్చుకోమనండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. ఎంపికైతే రెండు నెలలు ప్రయోగశాలలో గడుపుతుంది. తిరిగొచ్చాక మనసు మారితే ఐసెట్ ఎలాగూ ఉంటుంది, ఎంసీఏ ఎక్కడికీ పోదు. ఆ ఫెలోషిప్‌కు మాత్రం విద్యార్థిగా ఉన్న ఇప్పుడే ప్రయత్నించడం మంచిది, గడువు తేదీ ఈ వారమే చూడమని చెప్పండి.