ఆర్‌వీ గీజర్‌లో మంట అంటుకుని ఆరిపోతుంటే బోర్డు మార్చాలా?

మీరు చెప్పిన లక్షణాలివి: ఆర్‌వీలో (ఇల్లులా వాడే ప్రయాణ బండిలో) ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే గీజర్ స్విచ్ వేయగానే టిక్ టిక్‌మని స్పార్క్ వస్తోంది, భగ్గున మంట అంటుకుంటోంది, ఏడెనిమిది సెకన్లకే ఆరిపోతోంది. మూడుసార్లు అలా అయ్యాక ఎర్రలైటు వెలుగుతోంది. మెకానిక్ గీజర్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు పోయిందన్నాడు.

బోర్డు ఇప్పుడే కొనకండి. మంట అంటుకుందంటే బోర్డు గ్యాస్ వాల్వ్ తెరిచింది, స్పార్క్ కూడా ఇచ్చింది. తేలాల్సింది ఒక్కటే: వాల్వ్ మూసుకోవడం వల్ల మంట ఆరిందా, లేక వాల్వ్ తెరిచి ఉండగానే మంట ఆరిందా? ఇది తేలకుండా ఏ భాగం మార్చినా గుడ్డిగా మార్చినట్టే.

మొదట గ్యాస్ వాసన లేదని చూసుకోండి. వాసన వస్తే స్పార్క్ జోలికి పోకుండా సిలిండర్ వాల్వ్ మూసేసి, తలుపులన్నీ తెరవండి. ప్రొపేన్ గాలి కంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. వాసన లేకపోతే మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల తీగను బర్నర్ దగ్గర తుప్పు లేని లోహానికి, ఎర్ర తీగను గ్యాస్ వాల్వ్ టెర్మినల్‌కు క్లిప్పులతో తగిలించండి. క్లిప్పులే వాడండి, ఎందుకంటే మీ కళ్లు మంట మీద, మీటర్ మీద ఒకేసారి ఉండాలి. స్పార్క్ తీగకు మాత్రం మీటర్ గానీ చెయ్యి గానీ తగలనివ్వకండి. ఇప్పుడు స్విచ్ వేయండి. వాల్వ్ టక్కుమంటుంది, మీటర్ 12 వోల్టుల దగ్గర నిలుస్తుంది. ఆ తర్వాత ఏది ముందు పోతుందో చూడండి: మీటర్ మీది అంకెనా, మంటనా?

మంట నీలంగా, నిండుగా మండుతూ ఉండగానే అంకె సున్నాకు పడి, ఆ వెంటనే మంట ఆరితే, మంట ఉన్న సంగతి బోర్డుకు తెలియడం లేదన్నమాట. మీరు చెప్పిన ఏడెనిమిది సెకన్ల లెక్క కూడా దీనికే సరిపోతుంది. బోర్డు మంటను వేడితో పసిగట్టదు. ఎలక్ట్రోడ్ (బర్నర్ దగ్గరి లోహపు కడ్డీ) కొన నుంచి మంట గుండా బర్నర్ లోహానికి పారే అతి చిన్న కరెంటును చూస్తుంది. అది మైక్రోఆంపుల్లోనే ఉంటుంది కాబట్టి కొన మీద సన్నటి తెల్లపొర పట్టినా, బర్నర్ స్క్రూ కింద తుప్పున్నా ఆగిపోతుంది. గ్యాస్, కరెంటు రెండూ ఆపి, చల్లారాక ఎలక్ట్రోడ్ ఊడదీయండి. కొనను సన్నటి గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. బర్నర్ బిగించే చోటును, గ్రౌండ్ తీగ చివరను కూడా అలాగే గీకండి. తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత పగులున్నా ఎలక్ట్రోడ్ మార్చాల్సిందే. తిరిగి బిగించాక కొన మంటలో మునిగి ఉండాలి, స్పార్క్ దూకే సందు సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి. సందు ఎక్కువైతే స్పార్క్ బలహీనపడుతుంది, కొన మంట బయటికి జరిగితే సిగ్నల్ రాదు.

అలా కాకుండా మీటర్ 12 దగ్గరే ఉండగా మంట వణికి, పసుపు రంగుకు తిరిగి, పైకి లేచి ఆరితే తప్పు గ్యాస్ వైపుంది. ఇక్కడ నేను ముందు అనుమానించేది సాలీడును. బర్నర్ గొట్టంలో గూడు కట్టడం దానికి అలవాటు, మట్టిగూడు కట్టే కందిరీగలూ అంతే. బండి కొన్ని నెలలు కదలకుండా ఉందంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. గొట్టం విప్పి సీసాలు కడిగే బ్రష్‌తో రెండు వైపుల నుంచీ తోమండి. గ్యాస్ చిమ్మే జెట్ రంధ్రంలో మాత్రం సూది, తీగ పెట్టకండి. రంధ్రం కాస్త పెద్దదైనా మంట ఎప్పటికీ మసి పడుతూనే ఉంటుంది. స్పిరిట్‌లో నానబెట్టి గాలి ఊదితే చాలు. బిగించేటప్పుడు జెట్ గురి సరిగ్గా గొట్టం మధ్యలోకి ఉండేలా చూడండి.

గొట్టం శుభ్రంగా ఉంటే స్టవ్ సాయం తీసుకోండి. రెండు బర్నర్లు వెలిగించి గీజర్ ఆన్ చేయండి. గీజర్ వాల్వ్ తెరుచుకోగానే స్టవ్ మంట కుంగిపోతే సరఫరా చాలడం లేదు. రెగ్యులేటర్ తర్వాత పీడనం 11 అంగుళాల నీటి మట్టం ఉండాలి, అంటే సుమారు 27 మిల్లీబార్లు. రెగ్యులేటర్‌ను తప్పుపట్టే ముందు సిలిండర్ కప్లింగ్‌ను, అంటే గ్యాస్ గొట్టాన్ని సిలిండర్‌కు కలిపే బిగింపును చూడండి. సిలిండర్ వాల్వ్‌ను ఒక్కసారిగా తెరిచేస్తే లీకు అనుకుని కొన్ని కప్లింగ్‌లు గ్యాస్‌ను సన్నగా వదులుతాయి. ఆ కొంచెం ఒక స్టవ్ బర్నర్‌కు సరిపోతుంది, గీజర్‌కు సరిపోదు. అన్ని పరికరాలూ ఆపి, సిలిండర్ వాల్వ్ మూసి, కప్లింగ్ విప్పి మళ్లీ బిగించి, ఈసారి వాల్వ్‌ను పావు తిప్పు తిప్పి ఒక నిమిషం ఆగి తర్వాత పూర్తిగా తెరవండి. విప్పిన ప్రతి అతుకునూ సబ్బు నురగతో పరీక్షించండి, అగ్గిపుల్లతో వద్దు.

మూడో సంగతి, మీటర్ 12 చూపించాల్సిన చోట 10 దగ్గర ఊగిసలాడటం. బ్యాటరీ దగ్గర 12.6 ఉన్నా వాల్వ్ పని చేస్తున్నప్పుడు దాని దగ్గర ఎంతుందన్నదే లెక్క. సుమారు 10.5 కంటే దిగితే వాల్వ్ నిలబడదు. ఫ్యూజ్, స్విచ్, గ్రౌండ్ తీగ వరసగా చూసుకురండి.

ట్యాంకు మీద రబ్బరు మూత కింద ఉండే రీసెట్ బటన్ల గురించి ఎవరైనా చెబితే, అది వేరే కేసు. చాలా మోడళ్లలో ఆ కటాఫ్ (నీళ్లు అతిగా వేడెక్కితే కరెంటు ఆపేది) పడితే బోర్డుకు కరెంటే రాదు, స్పార్క్ కూడా ఉండదు.

ప్రతి ప్రయత్నానికీ మధ్య 5 నిమిషాలు ఆగండి. కాలని గ్యాస్ బర్నర్ పెట్టెలోంచి బయటికి పోకముందే మళ్లీ స్పార్క్ ఇస్తే మంట మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

ఎలక్ట్రోడ్, గ్రౌండ్, వోల్టేజీ అన్నీ సరిచేశాక కూడా మంట ఉండగానే అంకె పడిపోతుంటే అప్పుడు బోర్డు దగ్గరికి రండి. అప్పుడు కూడా మొదట ప్లగ్ ఊడదీసి, బోర్డు అంచున రాగి గీతలు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ గుచ్చండి. దానికీ లొంగకపోతే గీజర్ తలుపు లోపల అతికించిన మోడల్ నంబరు చూసి, దానికి సరిపడే బోర్డే తెచ్చుకోండి.